మంచిదా, పగిలిందా?

నాకు కోపం ఎక్కువ. తర్వాత మీరు ఆశ్చర్యపోకుండా ముందే చెప్పేస్తున్నాను. ఆ వేసవిలో నేను చేసిన పనుల్లో సగం కోపంతో చేశాను, మిగతా సగం భయంతో చేశాను. ఏది ఎందుకు చేశానో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేదు.

పన్నెండో తరగతి పరీక్షలు అయిపోయాయి. నాన్న పనిచేసే రైలు యార్డులో ఉద్యోగుల పిల్లలకని ఏటా ఒక కాలేజీ సీటు ఇచ్చేవాళ్ళు. ఒక్కటంటే ఒక్కటే. చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. దానికి ఒక వ్యాసం రాయాలి. "మీరు ఏ విషయం చదవాలనుకుంటున్నారు? దాని మీద ఆసక్తి ఎలా మొదలైంది? ఆ ఆసక్తితో ఇప్పటివరకు మీరు సొంతంగా ఏం చేశారు?" అని ఫారంలో అడిగారు. రెండు పేజీలు దాటకూడదు. రాసింది ముందు యార్డు ఫోర్‌మన్ చదవాలి, అందులోని విషయాలు నిజమేనని విచారించి సంతకం పెట్టాలి. అప్పుడే అది కాలేజీకి వెళ్తుంది.

ఆ సీటు రాకపోతే అమ్మతోపాటు ఆసుపత్రి లాండ్రీకి వెళ్ళి దుప్పట్లు మడతపెట్టాలి. అమ్మ అప్పటికే అక్కడి సూపర్‌వైజరుతో మాట్లాడి ఉంచింది. వచ్చే నెల ఒకటి నుంచి రమ్మన్నారట. "కష్టమేం లేదే, ఎండలో పనైతే కాదుగా" అంది అమ్మ. ఆవిరికి ఉడికి ఉడికి ముడతలు పడిపోయిన అమ్మ చేతుల వైపే చూశాను.

మొదటి వ్యాసం నక్షత్రాల మీద రాశాను. "అనంత విశ్వం చిన్ననాటి నుంచీ నన్ను పిలుస్తోంది" అని మొదలుపెట్టి సైన్సు టీచరు దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆవిడ నాలుగు లైన్లు చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు పిలిచింది?"

"ఊరికే అలా రాశాను టీచర్."

"ఒక నక్షత్రం పేరు చెప్పు."

"సూర్యుడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇలాంటివి చదివీ చదివీ వాళ్ళకి ఆవలింతలు వస్తాయమ్మా. ఎవరూ చెప్పకుండా, మార్కుల కోసం కాకుండా, నీ అంతట నువ్వు చేసిన పని ఒక్కటైనా ఉందా?" అంది.

ఉంది. నా సంచిలోనే ఉంది, నీలం అట్ట నోటుపుస్తకం. "లేదు టీచర్" అనేసి వచ్చేశాను.

మా నాన్న పని చక్రాలు వినడం. బండి బయల్దేరే ముందు పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని పక్కనే నడుస్తూ ఒక్కో చక్రాన్నీ కొడతాడు. మంచి చక్రం ఠంగుమంటుంది, ఆ మోత కాసేపు గాల్లో నిలబడుతుంది. లోపల ఎక్కడో పగులుంటే మోత నిలబడదు, డప్పుమని చచ్చిపోతుంది. అనుమానం వచ్చిన చక్రం మీద నాన్న సుద్దముక్కతో ఇంటూ గుర్తు వేస్తాడు. ఆ గుర్తు పడితే ఆ రైలు పెట్టెను విడదీసి పక్కన పెట్టాల్సిందే. ఫోర్‌మన్ కూడా కాదనడానికి వీల్లేదు.

నా చిన్నప్పుడు నాన్న నాతో ఆ ఆటే ఆడేవాడు. వంటింట్లో నేను గోడవైపు తిరిగి నిలబడాలి. వెనకాల నాన్న చెంచాతో గ్లాసునో, పింగాణీ కప్పునో, గిన్నెనో కొట్టి, "మంచిదా, పగిలిందా?" అంటాడు. నేను చెప్పాలి. ఒకటే నిబంధన, వెనక్కి తిరగకూడదు. తిరిగితే ఓడినట్టే. కంటికి కనపడని సన్నటి బీటని కూడా నేను ఏడేళ్ళకే పట్టేసేదాన్ని. "ఉన్న నాలుగు కప్పులూ ఈ తండ్రీకూతుళ్ళ చేతుల్లోనే పోయేట్టున్నాయి" అని నాయనమ్మ గోల పెట్టేది.

నాకు పదహారు నిండిన రోజుల్లో ఒకసారి సరదాకి నేను కొట్టాను, నాన్న గోడవైపు తిరిగాడు. పిడి దగ్గర బీట ఉన్న తెల్ల కప్పు అది. "మంచిది" అన్నాడు నాన్న. నేను పడీ పడీ నవ్వాను. నాన్న కూడా నవ్వాడు. తర్వాత పంపు దగ్గరికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

ఆ మర్నాడే నోటుపుస్తకం మొదలైంది. స్కూలు ల్యాబ్ నుంచి శ్రుతిదండాల పెట్టె అడిగి తెచ్చుకున్నాను. నాన్న పేపరు చదువుకుంటుంటే వెనక నిలబడి ఒక్కోటీ మోగించేదాన్ని, మూడడుగుల నుంచి, ఆరడుగుల నుంచి, గుమ్మం అవతల నుంచి. వినపడితే చెయ్యెత్తేవాడు. అది కూడా ఒక ఆటే అనుకున్నాడనుకున్నాను. తేదీ, దూరం, ఏ దండం, వినపడిందా లేదా, అన్నీ రాసేదాన్ని. పద్నాలుగు నెలలు రాశాను. బొంగురు శబ్దాలు నాన్నకి బాగానే వినపడుతున్నాయి. సన్నటివే ఒక్కొక్కటిగా పోతున్నాయి. చక్రం మోతలో చివరిదాకా నిలబడేవి ఆ సన్నటివే.

ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అమ్మ ఏం చెప్పాలన్నా నాన్న ఎదురుగా వెళ్ళి నిలబడటం అలవాటు చేసుకుంది. నాయనమ్మ మాత్రం, "వాడు నా మాట పుట్టినప్పట్నుంచీ విన్లేదు, ఇప్పుడు కొత్తేముంది?" అని కొట్టిపారేసేది. నాన్న ఉద్యోగం పోతే క్వార్టరు కూడా పోతుంది. అందుకే అందరం అలా ఊరుకున్నాం.

ఆ నెల మధ్యలో ఒక మధ్యాహ్నం నాన్నకి క్యారియర్ పట్టుకెళ్ళాను. పట్టాల మధ్య కంకర కాలిపోతోంది. దూరం నుంచే నాన్నని చూసి ఆగిపోయాను. చక్రాన్ని కొడుతున్నాడు, కొట్టిన వెంటనే వంగి అరచెయ్యి దాని మీద ఆనిస్తున్నాడు, కళ్ళు మూసుకుంటున్నాడు. ఇదివరకు ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఒక చక్రం దగ్గర మూడుసార్లు కొట్టి, మూడుసార్లు తాకి, నిలబడి ఆలోచించి, చివరికి ఇంటూ వేశాడు.

ఫోర్‌మన్ గారు నా వెనకనే వచ్చారు. ఆయనా నాన్నా ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు, అందుకని కాస్త చనువు. "ఏమయ్యా, ఈ నెల్లో ఇది పదకొండోది!" అని అరిచారు. "విడదీయించి చూస్తే పదింటిలో ఒక్క దాంట్లోనూ వెంట్రుకంత పగుల్లేదు. పైవాళ్ళు నన్ను ఉతికి ఆరేస్తున్నారు. నువ్వు సుద్ద రాస్తున్నావా, తింటున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నాన్న కూడా అందరి మొహాలూ చూసి, అందరూ నవ్వుతున్నారు కాబట్టి, నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. క్యారియర్ కంకర మీద పెట్టేసి వచ్చేశాను.

ఇంట్లో బట్టలు ఉతికేది నేనే. అమ్మ రోజంతా ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికి వస్తుంది, ఇంకా ఇంటికొచ్చి ఏం ఉతుకుతుంది? నాన్న ప్యాంటు కుడి జేబులో ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. నీళ్ళలో పెట్టగానే బకెట్టు తెల్లబడేది. ఆ రోజు తర్వాత నీళ్ళు తెల్లబడలేదు. మర్నాడూ లేదు, ఆ మర్నాడూ లేదు. జేబు లోపలికి చెయ్యి పెట్టి తిరగేసి చూశాను. సుద్దముక్క లేదు.

అంటే అనుమానం వచ్చిన చక్రాలను కూడా నాన్న వదిలేస్తున్నాడు. చెప్పాలి, ఎవరికో ఒకరికి చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగి కూతురికిచ్చే సీటు కూడా దాంతోపాటే పోతుంది. నేను బట్టలు పిండి ఆరేశాను. నోరు మూసుకున్నాను. ఈ కథలో నన్ను తిట్టుకోవాలంటే ఇక్కడ తిట్టుకోండి.

శ్రుతిదండాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు పెట్టెతోపాటు నోటుపుస్తకం కూడా టీచరు చేతిలోకి వెళ్ళిపోయింది. నేను లాక్కునేలోపే ఆవిడ తెరిచింది. పేజీ తర్వాత పేజీ తిప్పింది. తల ఎత్తేసరికి ఆవిడ మొహమే మారిపోయింది.

"ఇది పెట్టుకుని నక్షత్రాలంటావేంటే!" అంది. అప్పటిదాకా నన్ను 'ఏంటే' అని ఎప్పుడూ అనలేదు. "ఎవరివి ఈ చెవులు?"

"మా... మా నాయనమ్మవి."

నోట్లోంచి అలా వచ్చేసింది. ఆవిడ నమ్మేసింది. "ఇదే రాయి. ఒక్క ముక్క కూడా అలంకారాలు పెట్టకుండా ఇదే రాయి. సీటు నీకు రాకపోతే నేను చెవులు కోయించుకుంటాను" అంది.

ఇంటికొచ్చి అమ్మకీ నాయనమ్మకీ సంగతంతా చెప్పాను. అమ్మ గుమ్మానికి ఆనుకుని కూర్చుండిపోయింది. "మీ నాన్న పేరు ఆ కాయితం మీద పడిందంటే నేను నీకు దక్కను" అంది. నాయనమ్మ మాత్రం ఉత్సాహంగా లేచి కూర్చుంది.

"అయితే నాకు చెవుడన్నమాట. ఎంత చెవుడు?"

"సన్నటి శబ్దాలు వినపడవు నాయనమ్మా. బొంగురువి వినపడతాయి."

"ఆ తేడాలన్నీ నాకు కుదరవు. మొత్తం చెవుడు పెట్టుకుంటాను."

మా నాయనమ్మ చెవులకి తిరుగులేదు. పక్కింట్లో బిందె ఎత్తితే నిండుదో వెలితిదో చెప్పేది. ఆవిడ వారం రోజులు చెవిటితనం సాధన చేసింది. నేను పిలిస్తే పలికేది కాదు. టీ తెచ్చానంటే మాత్రం చెయ్యి చాచేది. "అక్కడే దొరికిపోతున్నావు" అని నేను తిడితే, "టీ వాసనొచ్చిందే, వినపడి కాదు" అని బుకాయించేది. ఆ వారంలో మేం నవ్విన నవ్వులు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నవ్వుతున్నంతసేపూ ఆ ఖాళీ జేబు నా కళ్ళముందే ఉండేది.

నాన్న చెవుల లెక్కలన్నీ నాయనమ్మ పేరున రాసి వ్యాసం ఇచ్చేశాను. మూడో రోజు ఫోర్‌మన్ గారు విచారణకి ఇంటికొస్తున్నానని కబురు పెట్టారు. రూలంటే రూలే ఆయనకి. అప్పుడిక నాన్నకి చెప్పక తప్పలేదు. అమ్మ ఎదురుగా నిలబడి చెప్పింది. "అత్తయ్యకి వినపడదని రాసిందండీ. ఆయన అడిగితే మీరేం మాట్లాడకండి." నాన్న అమ్మ మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. ఎందుకలా రాశావని అడగలేదు. "సరే" అన్నాడు.

ఫోర్‌మన్ గారు సాయంత్రం అయిదింటికి వచ్చారు. నాన్న కిటికీ దగ్గర కూర్చుని సుత్తి కర్రకి నూనె పట్టిస్తున్నాడు. నాయనమ్మ మంచం మీద శాలువా కప్పుకుని కూర్చుంది. ఆ ఎండల్లో శాలువా ఎందుకో నాకు అర్థం కాలేదు, చెవిటివాళ్ళకి చలేస్తుందనుకుందేమో.

"పెద్దమ్మగారూ! బాగున్నారా?" అని అరిచారు ఫోర్‌మన్.

"ఆఁ? ఎవరు చచ్చిపోయారు?" అంది నాయనమ్మ.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరుగెత్తింది. ఫోర్‌మన్ గారు జాలిగా తలాడించారు. మరో రెండు ప్రశ్నలు అరిచారు, వాటికీ అలాంటి జవాబులే వచ్చాయి. నా నోటుపుస్తకం తిరగేసి, "పర్లేదే, బాగా కష్టపడ్డావు" అన్నారు. టీ తాగారు. పెన్ను తీసి, మూత విప్పి, లేచి నిలబడి, గుమ్మం వైపు నాలుగడుగులు వేసి, అప్పుడేదో గుర్తొచ్చినట్టు మామూలు గొంతుతో అడిగారు.

"అన్నట్టు ఏమయ్యా, పొద్దున ఆరింటి బండి నువ్వేగా చూసింది?"

నాన్న కిటికీ వైపు తిరిగి కర్రకి నూనె రాస్తూనే ఉన్నాడు.

"వాడే చూశాడు నాయనా" అంది మంచం మీద నుంచి నాయనమ్మ. "ఇందాకే చెప్పాడు."

ఫోర్‌మన్ గారు నాయనమ్మని చూశారు. తర్వాత నాన్న వీపుని చాలాసేపు చూశారు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. "సంతకం రేపు చూద్దాం" అని మెల్లగా అని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

నాన్న అప్పుడు ఇటు తిరిగాడు. "ఏమన్నాడు?"

"ఏం లేదు. రేపు పెడతానన్నాడు" అంది అమ్మ.

నాయనమ్మ శాలువా మొహం మీదికి లాక్కుని, "నా నోరు పడిపోను" అని ఏడవడం మొదలుపెట్టింది. నాన్న ఒక్కొక్కళ్ళ మొహం చూస్తున్నాడు, ఏం జరిగిందో మా మొహాల్లో వెతుక్కుంటున్నాడు. నాకు భరించడం చేతకాలేదు. నోటుపుస్తకం తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను.

నాన్న మొదటి పేజీ నుంచి చదివాడు. ఒక్క లైను కూడా వదల్లేదు. కాసేపటికి చెయ్యి చాచి పెన్సిల్ అడిగాడు.

"ఇది తప్పు" అన్నాడు.

"ఏది?"

"ఇక్కడ వినపడిందని రాశావు. వినపడలేదు. కిటికీ అద్దంలో నీ చెయ్యి కదలడం కనపడి చెయ్యెత్తాను." ఆ లైను పక్కన ఇంటూ వేశాడు. పేజీ తిప్పాడు. "ఇదీ అంతే." ఇంకో ఇంటూ. "ఈ రోజు మీ నాయనమ్మ తల తిప్పింది, అది చూసి ఎత్తాను." ఇంకోటి. చక్రాల మీద వేసినట్టే, రెండు గీతలు, గట్టిగా. మొత్తం పంతొమ్మిది ఇంటూలు వేశాడు. మొట్టమొదటిది నేను పుస్తకం మొదలుపెట్టిన నాలుగో రోజుదే.

"సుద్ద ఎందుకు లేదు నాన్నా జేబులో?" అని ఆయన మొహంలోకి చూస్తూ అడిగాను.

"అందరూ నవ్వారుగా ఆవేళ" అన్నాడు. "ఇంకొకటి వేస్తే చెవుల పరీక్షకి పంపుతారనుకున్నాను. నీ ఫారం వెళ్ళేదాకా నెట్టుకొద్దామనుకున్నాను. పన్నెండు రోజులైంది. చేత్తో తాకి పంపించేస్తున్నాను." తన అరచెయ్యి తనే చూసుకున్నాడు. "చేతికి ఎంతని తెలుస్తుందే?"

నా కోసమట. నేనేమో సీటు కోసం నోరు మూసుకున్నాను, ఆయన అదే సీటు కోసం సుద్ద పారేశాడు. మా ఇద్దరి మధ్యా పన్నెండు రోజులు ఎంత మంది ఎక్కి దిగారో ఆ దేవుడికే తెలియాలి. నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

"రేపటి ఆరింటి బండిని షెడ్డులో పెట్టి తాళం వేశారు, అయిదింటికి గానీ తియ్యరు" అన్నాడు నాన్న. "పొద్దున నాతో రా."

మేం వెళ్ళేసరికి ఇంకా మసక చీకటి, బండిని అప్పుడే ప్లాట్‌ఫారం పక్కకి తెచ్చి నిలబెట్టారు. ఫోర్‌మన్ గారు అప్పటికే అక్కడ ఉన్నారు, చేతిలో సుత్తి పట్టుకుని. ఆయన మొహం చూస్తే రాత్రంతా కంటిమీద కునుకు లేనట్టే ఉంది.

"నాకు వీటి మోత తెలియదయ్యా" అన్నారు నాన్న ఎదురుగా వచ్చి నిలబడి. "ఇన్నేళ్ళూ నీ చెవులే నమ్ముకుని సంతకాలు పెట్టాను. నిజం చెప్పు. వినపడుతుందా?"

"లేదు సార్" అన్నాడు నాన్న.

అంతే. ఇన్నాళ్ళూ మా ఇంట్లో నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ దాచిన మాట ఒక్క క్షణంలో అయిపోయింది. నాన్న నా భుజాలు పట్టుకుని బండికి వీపు వచ్చేలా తిప్పి నిలబెట్టాడు.

"మంచిదైతే చెయ్యెత్తు. కాకపోతే ఎత్తకు. వెనక్కి మాత్రం తిరగొద్దు. నా మొహం చూశావంటే అన్నీ మంచివే అంటావు."

మొదటి చక్రం ఠంగుమంది. చెయ్యెత్తాను. రెండోది, మూడోది. పక్కకి జరుగుతూ, చెయ్యెత్తుతూ, దించుతూ వెళ్తున్నాం. జనం అప్పుడే ఎక్కుతున్నారు. ఒకావిడ కిటికీలోంచి, "ఎవరమ్మా నువ్వు, డ్రిల్లు చేస్తున్నావా?" అని నవ్వింది. లోపల ఎక్కడో పసిపిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు ఆగేదాకా ఆగాను, మళ్ళీ కొట్టమన్నట్టు వేళ్ళు కదిపాను. వంటింట్లో కప్పులు వేరు. ఇక్కడ నేను చెయ్యెత్తితే ఆ పసిపిల్ల ఈ చక్రం మీద వెళ్ళిపోతుంది. నాన్న పాతికేళ్ళు రోజూ మోసింది ఇదేనని నాకు అప్పటిదాకా తెలియలేదు.

ఇరవై రెండో చక్రం దగ్గర మోత నిలబడలేదు.

మళ్ళీ కొట్టాడు. డప్పుమని కాదు, మరీ అంత స్పష్టంగా లేదు. మొదట ఠంగుమనే అంది, తర్వాతే ఎవరో నోరు నొక్కినట్టు ఆగిపోయింది. తప్పయితే? పన్నెండో తప్పుడు ఇంటూ అయితే? చెయ్యి దానంతటదే లేవబోయింది. పిడికిలి బిగించి తొడకి ఆనించుకున్నాను. మూడోసారి కొట్టాడు. ఎత్తలేదు.

వెనకాల ఇనుము మీద సుద్ద గీకిన చప్పుడు రెండుసార్లు వినపడింది. నాన్న జేబులో సుద్ద ఉంది ఆ రోజు.

పెట్టెను విడదీశారు. జనం తిట్టుకుంటూ దిగి వేరే పెట్టెలు ఎక్కారు. బండి నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. వర్క్‌షాపులో చక్రం తుడిచి చూస్తే లోపలి అంచున వేలెడు పగులు ఉంది. ఫోర్‌మన్ గారు ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు నాన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. విని, సుత్తిని బెంచీకి ఆనించి పెట్టాడు. మళ్ళీ దాన్ని ముట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నమే వ్యాసం మళ్ళీ రాశాను. "మా నాన్న చెవుల గురించి పద్నాలుగు నెలలు లెక్కలు రాశాను. అందులో పంతొమ్మిది తప్పులున్నాయి. ఆ తప్పులు ఎలా వచ్చాయో తెలుసుకోవడమే నేను చదవాలనుకుంటున్న చదువు" అని మొదలుపెట్టాను. ఫోర్‌మన్ గారు నిలబడే చదివారు. "మీ నాన్నని ఇవాళ్టి నుంచి సెలవులో పెట్టాను. ఇది రేపటి టపాలో పోతుంది. పరీక్ష ఎల్లుండి. ఫారం చేరేనాటికి మీ నాన్న ఉద్యోగే" అని సంతకం పెట్టారు.

పరీక్షలో నాన్న పనికిరాడని తేల్చారు. మూడు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యమని కాయితం వచ్చింది. అమ్మ ఆ కాయితం పట్టుకుని నా దగ్గరికొచ్చి, "సీటు కోసం తండ్రిని రాసిచ్చేశావు" అంది. తర్వాత తనే వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది గానీ, ఆ మాట అనకుండా ఉండలేకపోయింది, నేనూ మర్చిపోలేకపోయాను. నాన్న ఒక పాత్రల గోదాములో సరుకు సర్దే పనికి కుదిరాడు. ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. నాయనమ్మ ఆయన పక్కన కూర్చుని, ఎవరేమన్నా తను విని ఆయన వైపు తిరిగి పెదాలు కదుపుతూ చెప్పేది.

వానలు మొదలయ్యాక సీటొచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ఎవరం ఎగిరి గంతెయ్యలేదు. టీచరు ఒక్కావిడే వచ్చి, నా వీపు మీద ఒకటి చరిచి, వెళ్ళిపోయింది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం. అద్దెకి తీసుకున్న రెండు గదుల్లో వెనక గది వంటిల్లు. నేను గోడ దగ్గర వంగి పెట్టె సర్దుకుంటున్నాను. హాస్టలుకి ఏ కప్పు పంపాలా అని నాన్న గట్టు మీద చూస్తున్నాడు. చెంచా తగిలిన చప్పుడు వినపడింది.

"మంచిదా, పగిలిందా?" అన్నాడు నాన్న.

నా చెయ్యి పెట్టెలోనే ఆగిపోయింది. వేసవి తర్వాత ఆయన ఆ మాట అనలేదు. ఏ కప్పో చూడకుండానే తెలిసింది, పిడి దగ్గర బీట ఉన్న తెల్లటిది. "పగిలింది" అన్నాను గోడవైపే చూస్తూ.

మళ్ళీ చెంచా చప్పుడు. "చెప్పవేం? మంచిదా, పగిలిందా?"

ఆ ఆటకి ఉన్నది ఒకటే నిబంధన. నేను వెనక్కి తిరిగాను. నాన్న కప్పు పట్టుకుని నా పెదాల వైపే చూస్తున్నాడు.

"పగిలింది నాన్నా" అన్నాను.

నాన్న తలూపాడు. ఆ కప్పు పక్కన పెట్టి, ఇంకోటి తీశాడు.